నీళ్ళు పొయ్యొద్దు

మా ఇంట్లో ఎవరన్నా అన్నం తింటా దగ్గితే ఇప్పటికీ నా చేతిలో పని ఆగిపోతాది. దగ్గు వినిపిస్తా ఉన్నంతసేపూ పరవాలేదు. దగ్గు ఆగినాక మనిషి గొంతు వినపడేదాకా నాకు ఊపిరాడదు. కోడళ్ళు నవ్వుతారు. "పొలమారింది అత్తా, అంతే. ఎవరో తలుచుకున్నారు" అంటారు. నేనూ ఒకప్పుడు అట్టా నవ్వినదాన్నే. పొలమారితే నెత్తిన తట్టాల, చెంబుడు నీళ్ళు తాగించాల. ఆత్మకూరులో మా అమ్మ అదే చేసేది, ఉదయగిరిలో మా అత్తా అదే చేసేది. ఆ నీళ్ళే మా అత్త ప్రాణం మీదికి తెచ్చినాయి. పోసిన చేతులు నావి.

ఆత్మకూరులో బస్సుల మోతా సంత గోలా వింటా పెరిగినదాన్ని నేను. అయిదో తరగతితో బడి మానిపించినారు. పెళ్ళయి ఉదయగిరికి వస్తే ఎటు తిరిగినా దుర్గం కొండే. సాయంత్రం నాలుగయ్యేటప్పటికి కొండ నీడ మా వాకిట్లోకి వచ్చి కూర్చునేది. మాకు మెట్టచేను, రెండు పాడి ఎనుములు. ఇంట్లో మా ఆయన, నేను, మా అత్త. మామ నా పెళ్ళికి ముందే పోయినాడు.

మా అత్త నీళ్ళు తాగేది చూసి కొత్తలో నేను నోరు తెరిచినాను. ఇత్తడి చెంబు మూరెడెత్తున పట్టుకుని, తల బాగా వెనక్కి వంచి, నోరు తెరిచి పట్టేది. సన్నటి ధార తిన్నగా గొంతులో పడేది. గుటక చప్పుడుండదు, రవిక మీద ఒక్క చుక్క పడదు. ఆమె పెదవి చెంబుకి ఆనింది ఊళ్ళో ఎవరూ చూడలేదు. నేను వచ్చిన మూడోరోజు చెంబుకి నోరు ఆనించి తాగినాను. ఆమె ఏమీ అనకుండా ఆ చెంబు తీసుకుపోయి చింతపండూ బూడిదా పెట్టి మూడుసార్లు తోమింది. తోమినాక అడిగింది, "మీ ఆత్మకూరోళ్ళకి ఎంగిలీ గింగిలీ ఏం లేదా ఏంది?" అని.

సంగటి దగ్గరా అంతే. నేను నములుతా ఉంటే ఎగతాళి చేసేది. "సంగటి నమిలేదాన్ని నిన్నే చూసినా మే. అది మింగేది. పులుసులో ముంచు, మింగు." నిమ్మకాయంత ముద్దలు ఆమె గొంతులో అట్టా జారిపోయేవి. ఆ గొంతు ఒకనాటికి మోసం చేస్తాదని ఎవరు అనుకుంటారు?

పంతొమ్మిది వందల డెబ్బైలు అయిపోవస్తా ఉన్న ఏళ్ళలో ఒకనాటి పొద్దున, విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తా కూర్చున్నాము ఇద్దరం. ఆమె చేతిలోంచి కాయ జారింది. తీసుకోబోయి పక్కకి ఒరిగింది. "ఏందత్తా?" అన్నాను. నోరు ఒక పక్కకి లాక్కుపోయి ఉండింది. బస్సులో ఆత్మకూరుకి తీసుకుపోయినాము. పద్దెనిమిది రోజులు అక్కడే ఉండి వైద్యం చేయించినాము. ప్రాణం నిలబడింది. కుడిచెయ్యి, కుడికాలు పోయినాయి. మాటా పోయింది. ఒకే ఒక్క మాట మిగిలింది ఆమెకి. "ఛీ." ఆకలైతే ఛీ, దుప్పటి కావాలంటే ఛీ, కొడుకు దగ్గరకొచ్చి కూర్చుంటే మెల్లగా, ముద్దుగా, ఛీ. 

ఇంటికి పంపించేటప్పుడు డాక్టరు, "మెత్తగా పెట్టమ్మా, కొంచెం కొంచెంగా" అన్నాడు. ఆయన చెప్పింది తప్పు కాదు. నాకు అర్థమయిందే తప్పు. మెత్తనిదంటే మా ఇంట్లో సంగటి. దానికంటే మెత్తనిది నాకేం తెలుసు?

ఇంటికొచ్చిన రెండోరోజు మధ్యాన్నం అది. అత్త నులకమంచం మీద ఉండింది. నులక కుంగిపోయి ఉయ్యాల లెక్కన ఉండేది, దాంట్లో మనిషి నిలువుగా కూర్చునే మాటే లేదు. తలకింద రెండు దిండ్లు పెట్టి రేగిపండంత సంగటి ముద్ద పప్పులో ముంచి నోట్లో పెట్టినాను. దవడ కదిలింది. ఇంకోటి పెట్టినాను. మూడోది పెట్టేటప్పటికి దగ్గు వచ్చింది. "ఎవరో తలుచుకుంటా ఉండార్లే అత్తా, కూతురేమో" అంటా నెత్తిన తట్టినాను. చెంబు తీసుకున్నాను. ఆమె తాగే పద్ధతే గదా అని తల వెనక్కి వంచి, ఎంగిలి కాకుండా ఎత్తున పట్టి, గొంతులోకి ధార పోసినాను.

దగ్గు ఆగిపోయింది. తగ్గిందనుకున్నాను. చెంబు కింద పెట్టి ముఖం చూస్తే పెదవులు నేరేడుపండు రంగులో ఉండాయి. కళ్ళు నా మీదే ఉండాయి. నోరు తెరిచి ఉంది, ఒక్క చప్పుడు లేదు. నేను పెట్టిన కేకకి మా ఆయన ఎనుముల దగ్గర్నుంచి పరిగెత్తుకుంటా వచ్చినాడు. అమ్మని చంటిబిడ్డని ఎత్తినట్టు ఎత్తి భుజాన వేసుకున్నాడు. ఆయన వీపు మీద నీళ్ళూ సంగటీ కారినాయి, ముక్కులోంచీ నోట్లోంచీ. తర్వాత ఊపిరి వచ్చింది, చిల్లుపడిన కొలిమితిత్తి లాగినట్టు చప్పుడు చేస్తా.

"ఏం పెట్టినావే?" అన్నాడు ఆయన.

"సంగటే."

"పొలమారితే నీళ్ళు పొయ్యలేదా?"

"పోసినా గదయ్యా."

"నీళ్ళు పోసినాక కూడా ఇట్టా అయిందా?" అని ఆయన తెల్లబోయినాడు. మా ఇద్దరికీ అందులో తప్పేదో తెలియలేదు. అంతకంటే ఎక్కువ నీళ్ళు పొయ్యాలేమో అనుకున్నాము.

ఆ తర్వాత ఏ పూటా భయం లేకుండా గడవలేదు. పన్నెండు గంటలకి నెల్లూరు బస్సు హారన్ కొట్టుకుంటా పోయేది. అది అత్తకి అన్నం పెట్టే వేళ. ఆ హారన్ వింటే ఏదో ఒక పని కల్పించుకుని, గిన్నె పట్టుకోకుండా జాగు చేసేదాన్ని. రోజుకి ఒకసారన్నా దగ్గేది. తిన్నాక గొంతులో గరగరమని, బిందెలో అడుగునీళ్ళు కదిలినట్టు చప్పుడు. పది రోజులకొకసారి జ్వరం. ఊళ్ళో కాంపౌండరు వచ్చి ఛాతీ మీద గొట్టం పెట్టి, "నెమ్ము చేరిందమ్మా" అని సూది వేసి పొయ్యేవాడు. వీధిలో వాళ్ళు దిష్టి అన్నారు. అనుమసముద్రంపేట దర్గా నుంచి దారం తెప్పించి అత్త ఎడమచేతికి కట్టినాను. దారం కట్టిన నా చేత్తోనే ధార పోస్తా ఉన్నాను.

ఒకనాడు సాయంత్రం నోరు తుడుద్దామని కుడిబుగ్గలో వేలు పెడితే, మధ్యాన్నం పెట్టిన సంగటి అట్టానే ఉండింది. ఆ పక్క బుగ్గకి తెలివి లేదు. అప్పట్నుంచీ ఆ ముద్ద నోట్లో పెట్టుకునే నిద్రపోయింది ఆమె. అది నిద్రలో గొంతులోకి జారి ఉంటే? ఆ వేలు పట్టుకుని నేను చాలాసేపు గోడకి ఆనుకుని నిలబడిపోయినాను.

ఇప్పుడు చెప్పబొయ్యేది నేను మా ఆయనకి కూడా చానా ఏళ్ళు చెప్పలేదు. నేను పెట్టడం తగ్గించేసినాను. రెండు ముద్దలు పెట్టేదాన్ని. రెంటికీ దగ్గకపోతే, మూడోది పెట్టడానికి చెయ్యి లేచేది కాదు. మిగిలింది తీసుకుపోయి ఎనుముల కుడితి తొట్టిలో కలిపేసేదాన్ని. "తినిందా?" అని ఆయన అడిగితే, "తినింది" అనేదాన్ని. నా లెక్క ఒకటే. ఆకలితో మనిషి ఒక్క పూటలో పోదు. ముద్ద అడ్డం పడితే చిటికెలో పోతాది. పోతే పోనీ, నా చేతి ముద్దతో కాకుంటే చాలు. కోడలు గొంతులో కుక్కి చంపిందని కొండకింద పల్లెలన్నీ చెప్పుకోకుంటే చాలు. గిన్నె తీసుకుపోతా ఉంటే అత్త కళ్ళు గిన్నె వెంట వచ్చేవి. "ఛీ" అనేది. చాలన్నదని అనుకునేదాన్ని. చాలనలేదని నాకు తెలుసు.

రెండు నెలలకి మా వదిన వచ్చింది, మా ఆయన అక్క. ఆమెనిచ్చింది ఆత్మకూరులోనే. వచ్చీ రాగానే అమ్మకి ఒంటికి నీళ్ళు పోస్తానని కూర్చోబెట్టి రవిక విప్పింది. విప్పినాక చేతులు ఆగిపోయినాయి. భుజం ఎముకలు కొయ్యమేకుల లెక్కన పైకి పొడుచుకొచ్చి ఉండాయి.

"ఏమ్మా మరదలా, మా అమ్మకి అన్నం పెడతా ఉండావా, చూపిస్తా ఉండావా?"

నేను రవిక తీసి అత్త భుజాల మీద కప్పబోయినాను.

"నోరు లేని మనిషని గదా నీ ధైర్యం! ఈ నోరే ఉంటే నువ్వు ఈ ఇంట్లో నిలబడేదానివా?" వీధి వీధంతా వినపడేటట్టు అరిచింది. "ఇరవై రోజుల్లో మళ్ళీ వస్తా. అప్పటికి మా అమ్మ ఒంట్లో కండ కనపడలేదో, నిన్ను పెద్దమనుషుల ముందు నిలబెడతా. ఏమన్నా అయిందో, నువ్వే చంపినావని నేనే చెప్తా" అని మధ్యాన్నం బస్సుకి వెళ్ళిపోయింది.

పెడితే పోతాది, పెట్టకపోతే పోతాది. ఎటుపోయినా నేనే. వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని ఏడుస్తా ఉంటే, వాకిట్లో ఎవరో దగ్గినారు. ఎదురింటి బూబమ్మ. వాళ్ళాయన కొయ్యచెంచాలు చెక్కేవాడు, ఈమె వాటిని ఉప్పుకాయితంతో రుద్ది నునుపు చేసేది. మోచేతుల దాకా తెల్లటి చెక్కపొడి పులుముకుని అట్టానే వచ్చింది.

"ఏమ్మే, నేను రోజూ మా అరుగు మీంచి చూస్తానే ఉండా నువ్వు నీళ్ళు పొయ్యడం" అనింది. "అడక్కుండా చెప్తే మీ ఇంట్లో ఏమనుకుంటారో అని నోరు మూసుకున్నా. ఇంక మూసుకుంటే పాపం నాకు తగుల్తాది. మా మామకి మూడేళ్ళు ఇదే జబ్బు. నా చేత్తోనే పెట్టినా."

"మూడేళ్ళా? భయం వెయ్యలా నీకు?"

"ఎయ్యకేం? ప్రతి ముద్దకీ వేసింది. ముందు ఇట్టా రా. తలెత్తి దూలం చూడు. చూస్తానే ఉమ్ము మింగు."

మింగబోయినాను. గొంతు బిగుసుకుంది, ఎంత తన్నుకున్నా దిగదు.

"ఇప్పుడు గడ్డం దించు. గుండె మీదికి. మింగు."

సులువుగా దిగిపోయింది.

"అంతే మే. నువ్వు ఆరోగ్యంగా ఉండి మింగలేని తీరులో పక్షవాతపు మనిషిని మింగమంటా ఉండావు. తల వెనక్కి వేస్తే ఊపిరి దారి తెరుచుకుంటాది, నీళ్ళు అటు పడతాయి. మా ఇళ్ళల్లో పిల్లప్పుడే చెప్తారు, కూర్చుని తాగు, మూడు గుక్కల్లో తాగు, గుక్కగుక్కకీ ఊపిరి తీసుకో అని. మీరేమో పైనుంచి ధార కొడతారు, చెట్టుకి పోసినట్టు."

ఏడుస్తా ఉన్నదాన్ని నవ్వేసినాను. ఆమె నవ్వలేదు. నాతో పాటు లోపలికి వచ్చి అత్తని మంచం దింపించింది. గోడకి చేర్చి పీట మీద కూర్చోబెట్టినాము. చచ్చుబడిన కుడిపక్క ఒరిగిపోకుండా ఊకబస్తా ఆనించినాము. ఎంత ఎత్తున కూర్చుంటే అంత మంచిదంది. సంగటి వద్దు, అది గొంతుకి అతుక్కుంటాది. ఉత్త నీళ్ళు అసలే వద్దు, అవి ఆమె గొంతు కంటే ముందు పరిగెత్తుతాయి. చిక్కటి జావ, సగ్గుబియ్యం గంజి, మెత్తగా పిసికిన పప్పన్నం పెట్టమంది. మంచిపక్క నోట్లో పెట్టాల. పెట్టినాక గొంతు గుబ్బ పైకి లేచి దిగేదాకా ఇంకోటి పెట్టకూడదు. బుగ్గలో మిగిలిందేమో చూడాల. తిన్నాక గంటసేపు పడుకోబెట్టకూడదు. 

"ఇంకోటి" అనింది బూబమ్మ. "ప్రతి రెండు చెంచాలకీ ఆమె చేత మాట అనిపించు. గొంతు తేటగా వస్తే పెట్టు. గరగరమంటే ఆపు, దగ్గనియ్యి. దగ్గితే దగ్గనియ్యి మే. అది మంచిది. దాన్ని నీళ్ళు పోసి నొక్కెయ్యబాకు."

"ఆమెకి మాట యాడుంది బూబమ్మా? ఛీ అంటాది, అంతే."

"చాలు. ఛీ అనిపించు."

మర్నాడు వాళ్ళాయన ఒక చెంచా చెక్కి పంపించినాడు. ఆత్మకూరులో స్టీలు చెంచాతో మందు పోస్తే అత్త పళ్ళతో కొరికి పట్టేసేది, చిగుళ్ళు తెగేవి. ఇది మా కొండ మీద దొరికే నర్ది చెక్కతో చేసింది, దూదంత తేలిక. గుంట లేదన్నట్టే, చిటికెనవేలి గోరంత లోతు. ఎంత ఆత్రపడినా అందులో కొంచెమే పడుతుంది. పెదవులకి తగిలే చోట బూబమ్మ ఎంత రుద్దిందో, నాలిక పెట్టి చూస్తే గాజు లెక్కన ఉండింది.

అంతా కుదిరింది గానీ అత్త నోరు తెరవలేదు. ఎంగిలి. ఒకే చెంచా నోట్లోకి పోయి, గిన్నెలో మునిగి, మళ్ళీ నోట్లోకి రావడం ఆమె కళ్ళతో చూస్తా ఉండాది. పళ్ళు బిగించింది. ఎడమచేత్తో చెంచాని నెట్టేసింది. గిన్నె బోర్లాపడింది. సాయంత్రం కూడా అంతే. మర్నాడు పొద్దునా అంతే. బూబమ్మ గుమ్మంలోంచి తొంగిచూసి, "మా చెంచా అనా మొహం తిప్పుకుంటా ఉండాది మీ అత్త?" అనింది.

"మీ చెంచా అని కాదులే, చెంచా అని."

"అయితే సరే" అని పోయింది.

ఆ మధ్యాన్నం బస్సు హారన్ మోగింది. ఒకటిన్నర రోజు ఆమె నోట్లోకి ఏమీ పోలేదు. తడిబట్టతో పెదవులు తుడిచినాను, అంతే. ఏం తోచిందో, దేవుడి గూటి పక్కనున్న ఆమె ఇత్తడి చెంబు తీసుకొచ్చినాను. ఆమె ఎదురుగా గొంతుకూర్చున్నాను. ఆమె చూస్తా ఉండగానే చెంబుకి నోరు ఆనించి, గడ్డం దించి, మూడు గుక్కలు తాగినాను. ఎడమచేత్తో ఒక్కటి కొట్టింది చూడండి, చెంబు ఎగిరి వాకిట్లో పడింది. "ఛీ!" ఆ చూపుకి పెళ్ళయిన కొత్తలో అయితే నేను బావిలో దూకేదాన్ని.

"కొట్టత్తా, ఇంకా కొట్టు" అన్నాను. నాకు ఏడుపు ఆగలేదు. "నీ అన్నం రెణ్ణెల్లు ఎనుములకి పోసినా. నువ్వు నా చేతిలో పోతావేమో అని భయపడి పోసినా. ఆకలైనా చెప్పుకోలేవని తెలిసే పోసినా. ఇప్పుడు పెడతానంటే నువ్వు తినవు. ఎంగిలి పడి ఎవరూ చావరత్తా. నువ్వు చస్తే నేను బతికీ ఒకటే చచ్చీ ఒకటే."

ఆమె నన్ను చానాసేపు చూసింది. ఎనుములకి పోసినానంటే తెలుసుకుందో, ముందే తెలుసో. పక్కకి లాక్కుపోయిన ఆ నోరు, మెల్లగా, కొంచెం తెరిచింది. జావ పెట్టినాను. కొయ్యచెంచా మీద పెదవులు మూసింది. గడ్డం కింద వేలు పెట్టి వంచినాను. గొంతు గుబ్బ లేచింది, ఆగింది. నా ఊపిరీ ఆగింది. దిగింది.

"ఏదీ, అను" అన్నాను.

"ఛీ."

తేటగా, పగిలిన గాజుముక్క మాదిరి. అంత చక్కటి తిట్టు నేను మళ్ళీ వినలేదు.

ఆ పూట పదకొండు చెంచాలు తినింది. తర్వాత తర్వాత గిన్నెడు తినేది. దగ్గు తగ్గింది. నెమ్ముజ్వరం రావడం దూరమయింది. నా భయం మాత్రం దూరం కాలేదు. దానికీ నాకూ పొత్తు కుదిరింది, అంతే. పీట మీద మా ఇద్దరి మధ్యా అదీ కూర్చునేది.

అన్నట్టే ఇరవై రోజులకి వదిన దిగింది, స్టీలు డబ్బాతో. అమ్మ చెంపలు చూసి ఆమె ముఖం వెలిగింది. నాతో మాట్లాడలేదు గానీ కోపం తగ్గినట్టే ఉండింది. నేను బావి దగ్గర గిన్నెలు తోముతా ఉన్నాను. డబ్బాలో సున్నుండలు తెచ్చింది ఆమె. మినుములు వేయించి, ఇసుర్రాయిలో మెత్తగా విసిరి, నెయ్యి పోసి చేసినవి. అమ్మకి బలం రావాలని. నోట్లో వేసుకుంటే కరిగిపొయ్యేది గదా, పళ్ళతో పని లేదు గదా అనుకుంది. నేను సంగటి మెత్తనిదనుకోలేదా? అట్టానే.

బావి దగ్గరికి వదిన మాటలు వినపడతా ఉండాయి. "తినమ్మా, నీకిష్టం గదా. ఇంకొంచెం." తర్వాత మాట ఆగింది. దగ్గు వినపడలేదు. దగ్గు వినపడకపోవడమే నాకు వినపడింది. గిన్నె వదిలేసి పరిగెత్తినాను.

అత్త పీట మీదే ఉండాది. నోటి చుట్టూ పిండి. కళ్ళు పెద్దవయి వదిననే చూస్తా ఉండాయి. ఎడమచెయ్యి గొంతు మీద ఉంది. ఛాతీ ఎగరడం లేదు. పెదవుల్లో ఆ నేరేడు రంగు మళ్ళీ వస్తా ఉండాది. వదిన ఒక చేత్తో నెత్తిన తడతా, ఇంకో చేత్తో చెంబు ఎత్తి పట్టుకుని ఉండింది. కేకలు విని పక్కింటోళ్ళు ఇద్దరు లోపలికొచ్చినారు. అందరిదీ ఒకటే మాట. "నీళ్ళు పొయ్యండి! తల వెనక్కి పట్టి పొయ్యండి!"

"నీళ్ళు పొయ్యొద్దు!"

ఆ ఇంట్లో నేను అంత గొంతు ఎత్తింది అదే మొదలు. వదిన చేతిలో చెంబుని తోసేసినాను. ఆమె వెళ్ళి తలుపుకి తగులుకుంది. "తాగనియ్యదంట! చంపుతా ఉండాది! చూడండయ్యా, మా అమ్మని చంపుతా ఉండాది!" అని గుండెలు బాదుకుంటా ఉండాది. నాకు అవన్నీ దూరంగా వినపడతా ఉండాయి. అత్తని ముందుకి వంచినాను, తల మోకాళ్ళ కంటే కిందికి వచ్చేటట్టు. నా ఎడమచెయ్యి ఆమె ఛాతీకింద ఆనించి పట్టుకున్నాను. బూబమ్మ ఒకనాడు చూపించినట్టు, రెండు రెక్కల మధ్య అరచేతి మొదలుతో కొట్టినాను. ఒకటి. ఏం లేదు. ఇంకోటి. ఏం లేదు. కొడతా ఉంటే ఆ సన్న ఎముకలు విరిగిపోతాయేమో అనిపించింది. కొట్టకపోతే, ఇంతే. పెద్దమనుషులు, వదిన నోరు, ఊరి మాటలు, ఏవీ నాకు ఆ నిమిషంలో లేవు. ఆమె గొంతు ఒక్కటే ఉండింది. మూడోది, నాలుగోది కొట్టినాను. నాలుగోదానికి నోట్లోంచి ముద్ద కొస కనపడింది. వేలు పెట్టి లాగినాను. ఆమె కొరికింది. ఉండ చుట్టుకుపోయిన జిగురుముద్ద, నా వేలితో పాటు, నెత్తురుతో పాటు వచ్చింది. 

వెంటనే ఊపిరి రాలేదు. చిన్న లెక్కే అది, మూడు నాలుగు అంకెలు లెక్కబెట్టేంత. ఆ లెక్క నేను ఇంకా అయిపోగొట్టలేదు. తర్వాత, ఆ తిత్తి చప్పుడు. దగ్గు. ఇల్లు అదిరిపొయ్యే దగ్గు. "దగ్గత్తా, దగ్గు" అంటా ఆమెని పట్టుకుని కూర్చున్నాను.

దగ్గు ఆగినాక అందరూ నిలబడి చూస్తా ఉండారు. "ఏదీ" అన్నాను. ఆమె గుడ్లు తిప్పి నన్ను చూసింది, గడపలో కూలబడిన కూతుర్ని చూసింది, నేల మీద సున్నుండ ముద్దని చూసింది.

"ఛీ."

వదిన డబ్బా దగ్గరికి లాక్కుని మూత పెట్టింది. మూత పడడం లేదు, వంకరగా పెట్టి నొక్కుతా ఉండాది. "బలం అనుకున్నా మే" అనింది, నాతోనో తనతోనో. "కరిగిపోతాదనుకున్నా." ఆమె ఆ పూట ఉండిపోయింది. సాయంత్రం నేను జావ పెడతా ఉంటే ఎదురుగా కూర్చుని, ప్రతి చెంచాకీ తానూ గుటక మింగింది. పెద్దమనుషుల మాట మళ్ళీ ఎత్తలేదు. నా వేలికి పసుపు తానే పెట్టింది. చూపుడువేలి మీద ఆ పంటిగాటు ఇప్పటికీ ఉండాది.

ఏడాదిన్నర బతికింది మా అత్త ఆ తర్వాత. చలికాలంలో ఒక జ్వరం వచ్చింది, అది అన్నంతో వచ్చిన జ్వరం కాదు, ఊరంతా తిరుగుతా ఉన్న జ్వరం. నాలుగు రోజులు జావ కూడా మింగలేదు. నేను బలవంతం చెయ్యలేదు, చెంచా పెదవికి ఆనిస్తే చాలన్నట్టు తల తిప్పేది. అయిదో రోజు మధ్యాన్నం ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. మా ఆయన అమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. వదిన వచ్చి ఉండింది. వీధిలోవాళ్ళు వచ్చినారు. ఒక పెద్దామె తులసాకు వేసిన నీళ్ళు గ్లాసుతో తెచ్చి నా చేతికిచ్చింది. "కోడలివి గదా, గొంతు తడుపు. తీర్థం పడకుండా పంపిస్తారా?"

నా చెయ్యి రాలేదు. ఏడాదిన్నర ఒక్క చుక్క ఉత్త నీళ్ళు ఆ గొంతులోకి పోనివ్వలేదు నేను. పోసినాక ఆమె దగ్గితే? దగ్గలేకపోతే? చివరిది నా చేతి నీళ్ళేనా? "పొయ్యమ్మాయ్, టైము లేదు" అంటా ఉండారు. వదిన వైపు చూసినాను. ఆమెకి తెలుసు నా భయం.

"పొయ్యొద్దులే" అనింది వదిన అందరితో. "తడిపితే చాలు. ఆమెని ఆమె పద్ధతిలో చెయ్యనియ్యండి."

కొయ్యచెంచా తెచ్చుకున్నాను. తులసినీళ్ళలో కొస ముంచి, విదిలించి, ఆ తడి పెదవులకి రాసినాను, ఎడమపక్క, మంచిపక్క. మెడకింద చెయ్యి పోనిచ్చి గడ్డం గుండె మీదికి దించినాను. "ఇంక అవన్నీ ఎందుకమ్మా" అన్నారెవరో వెనకనుంచి. నేను దించే పట్టుకున్నాను. గొంతు గుబ్బ కదులుతాదేమో అని చూస్తా కూర్చున్నాను. బయట నెల్లూరు బస్సు హారన్ కొట్టుకుంటా పోయింది.

"ఏదత్తా" అన్నాను. "అను."